పడిపోయిన చెట్ల పేర్లు

అయ్యకోనేరు గట్టు, విజయనగరం
ఆదివారం

అమ్మాయీ,

నీ నవల అందింది. 212 పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి మూడు రాత్రులు కూర్చుని, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. గీతలు చూసి టెన్షన్ పడకు. నీ వయసులో నేను కథ రాసి పెద్దవాళ్ళకి చూపిస్తే ఒక్కరూ గీత గియ్యలేదు. "బాగుందమ్మా" అని తిరిగి ఇచ్చేశారు. ఆ మాట నమ్మి నాలుగేళ్ళు అవే తప్పులు చేస్తూ వచ్చాను. నీకు ఆ నాలుగేళ్ళు మిగలాలని ఈ గీతలు.

ఉత్తరం చివర అడిగావు కదా, "మేడం, ఫాంటసీల్లో మీకు బాగా ఇష్టమైన నవల ఏది, ఎందుకు?" అని. నీ నవల గురించి నేను చెప్పాల్సిందంతా దానికి జవాబులోనే ఉంది. అక్కణ్ణించే మొదలుపెడతాను.

అమెరికన్ రచయిత్రి ఉర్సులా లెగ్విన్ రాసిన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'. 1968లో అచ్చయింది. నేను చదివింది 1987లో. గజపతినగరం దగ్గర పల్లెలో టీచరుగా చేరిన కొత్త. విశాఖలో పాత పుస్తకాల కొట్లో అట్ట చిరిగిన కాపీ ఒకటి దొరికితే కొన్నాను. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. పక్కన డిక్షనరీ పెట్టుకుని, బస్సులో వెళ్ళేటప్పుడు రెండు పేజీలు, వచ్చేటప్పుడు రెండు పేజీలు చదివేదాన్ని.

మొదటి పేజీల్లోనే పట్టుబడిపోయాను. గాంట్ అనే కొండ ద్వీపం. తల్లి లేని పిల్లాడు. తండ్రి కంచుపని చేసే మనిషి, కొడుకుతో రెండు మాటలు మాట్లాడే తీరిక లేదు. వాడు మేకలు కాస్తాడు. ఏడేళ్ళప్పుడు, ఊళ్ళో మంత్రాలు వేసే వాళ్ళ పెద్దమ్మ ఇంటి కప్పెక్కిన మేకని ఏదో మాటతో కిందికి దింపడం వింటాడు. మర్నాడు కొండ మీద ఆ మాటే అరుస్తాడు. మేకలన్నీ వచ్చేస్తాయి. రావడమే కాదు, వదలవు. చుట్టూ మూగి, కొమ్ములు ఒరుసుకుంటూ, పసుపుపచ్చ కళ్ళతో వాణ్ణే చూస్తూ నిలబడతాయి. వాడు భయపడి ఊళ్ళోకి పరిగెడితే ఒంటికి అంటుకున్నట్టు వెంట వస్తాయి. పిలవడం వచ్చింది, విడవడం రాలేదు. పుస్తకమంతా ఈ ఒక్క సంగతిలోంచే పెరిగింది.

నా మూడో తరగతిలో అప్పుడొక పిల్లాడు ఉండేవాడు. వాళ్ళది గొర్రెలూ మేకలూ కలిసిన మంద. జాతరలప్పుడు తండ్రి గుండెకి తప్పెట కట్టుకుని తప్పెటగుళ్ళు ఆడేవాడు. పిల్లాడు రోజూ ఆలస్యంగా వచ్చేవాడు, ఒంటి నిండా మేకవాసన. ఒక సాయంత్రం చెరువుగట్టు మీద వాడు మందని పిలవడం చూశాను. నాలుక మడిచి, అక్షరాల్లో పెట్టలేని ఒక శబ్దం చేశాడు. చేలగట్ల మీద చెదిరిపోయిన జీవాలన్నీ ఒక్కసారి తలెత్తాయి. "దానికి అర్థం ఏంట్రా?" అని అడిగాను. "అర్దం ఏటీ నేదండి. ఆటికి తెలుస్తాది" అన్నాడు.

ఆ రాత్రి ఆ మొదటి అధ్యాయం మళ్ళీ చదివాను. అప్పటిదాకా ఫాంటసీ అంటే ఎక్కడో మంచు కోటల్లో, తెల్లగుర్రాల మీద జరిగేదనుకునేదాన్ని. లెగ్విన్ కథానాయకుడు రాగిరంగు పిల్లాడు. పబ్లిషర్లు చాలాకాలం అట్టల మీద వాణ్ణి తెల్లగా వేస్తుంటే ఆవిడ పోట్లాడింది. నా క్లాసులో వెనక వరసలో కూర్చున్నవాడు వాడేనని నాకు ఏ అట్టా చెప్పలేదు. ఆ పిలుపు చెప్పింది.

ఇప్పుడు పేర్ల సంగతి. మన కథల్లో రాక్షసుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది కదా. ఎర్త్‌సీ అనే ఆ పుస్తకం లోకంలో ప్రతిదాని ప్రాణమూ దాని అసలు పేరులో ఉంటుంది. ఊళ్ళో పిలిచే పేరు వేరు, అసలు పేరు వేరు. అసలు పేరు తెలిసినవాడికి అది లొంగుతుంది. మనకి ఇది కొత్త కాదు. మా అమ్మమ్మ రాత్రిపూట పాముని పాము అనేది కాదు, "పురుగు" అనేది. ఒంటి మీద పొక్కులొస్తే "అమ్మవారు పోసింది" అనేవారు. మొగుడి పేరు చెప్పమంటే ముఖం తిప్పుకునేవారు. పేరు పెట్టి పిలిస్తే పలుకుతుందన్న భయం మన ఇళ్ళలో ఇంకా పోలేదు. ఆ భయం మీదే ఆవిడ ఒక లోకాన్ని నిలబెట్టింది.

అయితే ఆ పేర్లు ఊరికే రావు. ఆ మేకల పిల్లాడి అసలు పేరు గెడ్. వాడి గురువు ఓజియన్ వానని ఆపగలిగి కూడా తడుస్తూ నడుస్తాడు. దారిలో ఒక మొక్క కనిపిస్తే గెడ్ "ఇది దేనికి పనికొస్తుంది?" అంటాడు. గురువు జవాబు వేరేలా ఉంటుంది. వేరూ ఆకూ పువ్వూ అన్ని రుతువుల్లోనూ చూడు, వాసన పట్టు, గింజ చూడు, అప్పుడు దాని అసలు పేరు నేర్చుకుందువుగాని అంటాడు. తర్వాత రోక్ ద్వీపంలో మంత్రాల బడి. అక్కడ పేర్లు నేర్పే గురువు జాబితాలు రాసి ఇస్తాడు. అర్ధరాత్రికి సిరా మాయమైపోతుంది, ఈలోపే కంఠతా రావాలి. సముద్రాన్ని శాసించాలంటే సముద్రం అన్న ఒక్క మాట చాలదు. ప్రతి అఖాతానికీ, ప్రతి మొనకీ, ప్రతి చిన్న పాయకీ ఉన్న పేరు తెలియాలి.

ఈ పేజీలు చాలామందికి విసుగు. నేను మాత్రం రాయడం నేర్చుకున్నది ఇక్కడే. నువ్వు ఏ మాయ రాసినా, దాని కింద నీకు నిజంగా తెలిసిన వస్తువు ఒకటి ఉండాలి.

ఇక నీ నవల. నీ రాకుమారి ఒక అడవిలో నడుస్తుంది. అందులో "వెండి ఆకుల వృక్షాలు", "వింత పరిమళాల పువ్వులు", "ఏవో పక్షులు". ఆ "ఏవో" కింద గట్టిగా గీశాను. నీది ఉద్దానం. ఇంటి వెనక జీడితోట, దాటితే కొబ్బరితోట, ఇంకా దాటితే సముద్రం. ఏటా తేలినీలాపురం చింతచెట్ల మీద గూళ్ళు కట్టుకోవడానికి పక్షులు వస్తాయి, ఆ ఊరివాళ్ళు వాటిని తమ ఇంటి ఆడపిల్లల్లా చూసుకుంటారు. ఇంత చూసినదానివి నువ్వు "ఏవో పక్షులు" ఎలా రాశావు? నువ్వు వెళ్ళని అడవి కాబట్టి. ఎక్కడో చదివిన అడవిలోకి నీ పిల్లని పంపావు.

అలాగని రాకుమారిని పలాస బస్టాండులో దింపమని కాదు. సిరిమాను ఉత్సవం ఒక చోట, అరసవల్లి గుడి ఒక చోట బొట్టు పెట్టినట్టు అంటించమనీ కాదు, అది ఇంకా పెద్ద తప్పు. గాంట్ ద్వీపం ఏ మ్యాప్‌లోనూ లేదు, అక్కడి మేకలు మాత్రం నిజం. లోకం నీ ఇష్టం వచ్చినట్టు కట్టుకో. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతారు. తెలియనివాడికి ఈ మాట చెబితే మంత్రగాళ్ళ కథ అనుకుంటాడు. ఇలాంటివి మన చుట్టూ ఉండగా వెండి ఆకులు ఎందుకమ్మా?

37వ పేజీకి వస్తాను. ఈ ఉత్తరం రాస్తున్నదే ఆ పేజీ కోసం.

రాకుమారి దారి తప్పి ఒక ఊరికి చేరుతుంది. రాత్రంతా గాలి కొట్టిన ఊరు. తెల్లారి ఒక ముసలమ్మ తోటలో తిరుగుతూ పడిపోయిన కొబ్బరిచెట్లని ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలుస్తుంది. "పెద్దోడి చెట్టు. అత్తోరి చెట్టు. కరువులో నీళ్ళు మోసిన చెట్టు. కవలలు. దొంగల చెట్టు." ప్రతిదాని మొదలు మీదా చెయ్యి వేసి, మట్టి దులిపి, పక్కదాని దగ్గరికి వెళుతుంది. ఏడుపు లేదు. చేత్తో లెక్క పెట్టుకుంటుంది. అరపేజీ. తర్వాత పేరాలో నీ రాకుమారికి మాట్లాడే గుర్రం దొరుకుతుంది, ఊరు వదిలి వెళ్ళిపోతుంది. మళ్ళీ ఆ ముసలమ్మ ఎక్కడా రాదు.

ఆ అరపేజీ దగ్గర నా పెన్సిల్ ఆగిపోయింది. ఇది నువ్వు ఎక్కడో చదివి రాసింది కాదు. 2018 అక్టోబరు 11, తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నువ్వు ఏడో తరగతి అని ఉత్తరంలో రాశావు. "మామ్మ గురించి రాస్తుంటే ఏడుపొచ్చింది మేడం, అందుకే అక్కడ ఆపేసి కథలోకి వెళ్ళిపోయాను" అనీ రాశావు. తల్లీ, నువ్వు వదిలేసి వచ్చిందే కథ.

గెడ్ ఏం చేశాడో గుర్తు తెచ్చుకో. తోటి విద్యార్థి ఎగతాళి చేశాడన్న అహంకారంతో చచ్చినవాళ్ళని పిలవబోతాడు. తెరుచుకున్న సందులోంచి ఒక నీడ వచ్చి మీద పడుతుంది, ముఖం మీద మచ్చలు మిగులుతాయి. అప్పట్నించీ దీవి మీద దీవి మారుస్తూ పారిపోతాడు. పారిపోయేకొద్దీ నీడకి బలం వస్తుంది. చివరికి ఓజియన్ దగ్గరికి వస్తే, ఆయన వెనక్కి తిరగమంటాడు. నిన్ను వేటాడేదాన్ని నువ్వే వేటాడు అంటాడు. గెడ్ పడవ తిప్పుతాడు. చిట్టచివర సముద్రం మధ్య నీడకి ఎదురు నిలిచి దాని పేరు పిలుస్తాడు. అది తన పేరే. నీడ కూడా అదే పేరుతో వాణ్ణి పిలుస్తుంది. కత్తి లేదు, పిడుగు లేదు. నాకు అరవై దాటాయి, ఇప్పటికీ ఆ చోట చదివితే ఒళ్ళు జలదరిస్తుంది.

నీ నల్ల మాంత్రికుడు మాత్రం ఎందుకు చెడ్డవాడో నాకు తెలియలేదు. నీకూ తెలియదని నా అనుమానం. వాడు నీలోంచి రాలేదు. 37వ పేజీలోని గాలి నీలోంచి వచ్చింది. పడవ అటు తిప్పు.

ఇంకొక మాట. 140వ పేజీలో రాకుమారి ఉంగరంతో చచ్చిపోయిన స్నేహితుణ్ణి బతికించేస్తుంది. చాలా సులువుగా. లెగ్విన్ పుస్తకంలో గెడ్‌కి పడవలు కట్టే స్నేహితుడు ఒకడుంటాడు. వాడి కొడుక్కి జబ్బు చేస్తుంది. గెడ్ ఆ పసివాడి వెంట చావు హద్దు దాటి వెళ్ళి, తీసుకురాలేక ఒట్టి చేతులతో తిరిగొస్తాడు. తను కూడా చచ్చిపోయినంత పనవుతుంది. దీపం వెలిగించినా ఎక్కడో నీడ పడుతుందని రోక్‌లో ముందే చెప్పారు వాడికి. కొబ్బరిమొక్క నాటితే కాపుకి ఐదారేళ్ళు పడుతుందని నీకు నేను చెప్పక్కర్లేదు. ఆ ముసలమ్మ వయసుకి ఐదారేళ్ళంటే ఏమిటో కూడా నీకు తెలుసు. అలాంటి తోటని ఒక ఉంగరంతో లేపేస్తే ఆమె దుఃఖానికి విలువ ఉండదు. లేపాలనే ఉంటే వెల కట్టు. లేచిన ప్రతి చెట్టుకీ బదులు ఆమె జ్ఞాపకంలోంచి ఒక మనిషి పేరు చెరిగిపోతే? పెద్దోడి చెట్టు నిలబడి, పెద్దోడెవరో ఆమెకి గుర్తులేకపోతే? ఇది నా ఊహ, నువ్వు వాడుకోవద్దు. నీది నువ్వు వెతుక్కో.

చెయ్యాల్సిన పని చెబుతాను. ఒక నోట్‌బుక్ తీసుకుని మామ్మతో తోటలోకి వెళ్ళు. కథ అడగొద్దు, పేర్లు అడుగు. మట్టలో ఏ భాగాన్ని ఏమంటారు, జీడిపిక్క ఒలిచేటప్పుడు జీడి అంటిన చేతికి ఏం రాస్తారు, గాలి ఏ వైపునుంచి తిరిగితే భయపడాలి. భావనపాడు వెళ్ళి పడవల మీద రాసిన పేర్లు చూసి రా. గెడ్ ఒక ముసలి జాలరి కంటి పొర తీసేస్తే, ఆయన తన పాత పడవ ఇచ్చి, దానికి కళ్ళు గియ్యమంటాడు. మన తీరంలో కూర్చుని చదివితే ఆ పేరా ఇంకోలా ఉంటుంది. శ్రీకాకుళం వెళ్ళినప్పుడు కథానిలయంలో ఒక రోజంతా గడుపు. తెలుగు కథల కోసం కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో మొదలుపెట్టిన లైబ్రరీ అది. మన జిల్లా కథలు నాలుగు తీసి, వాళ్ళు వస్తువులకి ఏ పేర్లు వాడారో చూడు, అంతే. మొత్తం నవల తిరగరాయమని ఇప్పుడే అనను. 37 నుంచి ముప్ఫై పేజీలు రాసి పంపు. గుర్రం రావడానికి వీల్లేదు.

మామ్మకి నా నమస్కారాలు చెప్పు. ఆమెని ఒక సంగతి అడగాలి. నీ పేజీలో ఆమె వేళ్ళు మడుస్తూ ఏడు చెట్లు లెక్క పెట్టింది. కవలల్ని రెండుగా లెక్కేసినా నువ్వు రాసింది ఆరే. ఏడోది ఏ చెట్టు?

నీ
మేడం