ప్రోటాక్ మోతాదు పెంచితే తగ్గిన ప్రోటీన్ మళ్ళీ ఎందుకు పెరుగుతుంది?

ప్రోటాక్ (కణంలో మనం ఎంచుకున్న ప్రోటీన్‌ను విచ్ఛిన్నం చేయించే రెండు కొసల అణువు) మోతాదు పెంచేకొద్దీ ఆ ప్రోటీన్ ఇంకా తగ్గాల్సింది పోయి, ఒక స్థాయి దాటాక మళ్ళీ పెరుగుతోందని, ప్రయోగంలోనే లోపముందా అని మీరు అడిగారు. లోపం కాకపోవచ్చు. వరంగల్‌లోని కాకతీయ విశ్వవిద్యాలయంలో ఫార్మసీ చదివి, ఇప్పుడు హైదరాబాద్‌లో ఇటువంటి అణువులను కణాలపై పరీక్షించే పనిలో ఉన్నాను కనుక, ఇది తరచుగా చూస్తుంటాను.

మనం తరగతిలో చదువుకున్న ఇన్‌హిబిటర్లు ప్రోటీన్‌కు అంటుకుని ఉన్నంతసేపే దాని పనిని ఆపుతాయి. ప్రోటాక్‌ తీరు వేరు: దాని ఒక కొస మనం తొలగించదలచిన ప్రోటీన్‌ను, రెండో కొస సెరెబ్లాన్, వీహెచ్ఎల్ వంటి ఈ3 లైగేజ్ (ప్రోటీన్‌కు యుబిక్విటిన్ అనే చిన్న గుర్తును తగిలించే ఎంజైమ్) భాగాన్ని పట్టుకుంటుంది. అలా దగ్గరికి చేరిన ప్రోటీన్‌కు యుబిక్విటిన్ గొలుసు తగులుకుంటే కణంలో ప్రోటీన్లను కత్తిరించే యంత్రంలాంటి ప్రోటియాసోమ్ దాన్ని ముక్కలు చేస్తుంది; ప్రోటాక్ మాత్రం విడివడి మరో ప్రోటీన్ మీదికి పోగలదు. అందుకే చాలా కొద్ది మందుతోనే పని జరుగుతుంది. శాస్త్రవేత్తలు క్రెయిగ్ క్రూస్, రేమండ్ డెషేస్ బృందాలు 2001లో ఈ ఆలోచనను తొలిసారి చూపించాయి.

మందు మరీ ఎక్కువైనప్పుడు ఒక అణువు ప్రోటీన్‌ను, వేరొక అణువు లైగేజ్‌ను విడివిడిగా ఆక్రమించుకుంటాయి. ఆడపెళ్ళివారింట ఒక మధ్యవర్తి, మగపెళ్ళివారింట మరో మధ్యవర్తి కూర్చుంటే సంబంధం కుదరనట్లే, ఆ మూడూ కలిసిన సముదాయం ఏర్పడదు. దీన్నే హుక్ ఎఫెక్ట్ అంటారు. ప్రోటీన్ ఎంత ఉందో పట్టీగా చూపే వెస్టర్న్ బ్లాట్ పరీక్షలో 100 నానోమోలార్ దగ్గర దాదాపు మాయమైన పట్టీ, దానికి వంద రెట్లైన 10 మైక్రోమోలార్ వరుసలో మళ్ళీ నల్లగా తేలుతుంది. కింద పోలిక కోసం చూసే యాక్టిన్ అనే ప్రోటీన్ పట్టీ మాత్రం అన్ని వరుసల్లో ఒకే మందాన ఉంటుంది. ఎక్కువ మోతాదు ఒక్కటే చూసి అణువు పనిచేయదని పక్కన పెట్టేసేవారున్నారు, నా దృష్టిలో అది తొందరపాటు.

అయితే పట్టీ తగ్గినంత మాత్రాన ప్రోటీన్ విచ్ఛిన్నమైందని రాయకండి. కణాలు చనిపోతున్నా, ఆ ప్రోటీన్ తయారీయే మందగించినా అలాగే కనిపిస్తుంది. ముందుగా ఎంజీ132 అనే రసాయనంతో ప్రోటియాసోమ్‌ను ఆపి, ఆ తర్వాత ప్రోటాక్ ఇచ్చి చూడండి. అప్పుడు పట్టీ నిలబడాలి. మీ ప్రోటాక్‌లాగే ఉండి లైగేజ్‌ను మాత్రం పట్టుకోలేని జంట అణువును కూడా పక్కనే పరీక్షించాలి, దానితో ప్రోటీన్ తగ్గకూడదు.

మీది సెరెబ్లాన్ కొస ఉన్న అణువైతే మరో మాట. ఆ కొస థాలిడోమైడ్ కుటుంబానిది; అదే కుటుంబపు మందు లెనలిడోమైడ్ లాగా అదీ తనంతట ఇకారోస్ అనే ప్రోటీన్‌ను విచ్ఛిన్నం చేయవచ్చు కాబట్టి, ఇకారోస్ ఉన్న రక్తకణాల్లో దాన్నీ ఒకసారి కొలవండి. ఎలుక సెరెబ్లాన్‌లో ఒక అమైనో ఆమ్లం తేడా వల్ల ఈ ప్రభావం అక్కడ బయటపడదు, అందుచేత మానవ కణాలనే వాడండి.