ఏప్రిల్ చివర్లో అమ్మానాన్నలతో స్కాట్లండ్ లోయలో నడకా? గ్లెన్ టిల్ట్‌కి వెళ్లండి

మీరు ఎడిన్‌బరోలో ఉంటారు, కారు లేదు. ఊరి నుంచి వచ్చే అమ్మానాన్నలిద్దరికీ అరవై దాటాయి, రోజూ గంటసేపు నడిచే అలవాటుంది. జనం లేని లోయ చూపించి రాత్రికి ఇల్లు చేరాలి. ఇదే మీ పరిస్థితి అనుకుందాం. గ్లెన్‌కో లోయకు వెళ్లమని చాలామంది చెబుతారు. అందంలో దానికి వంక పెట్టలేం గానీ, లోయ మధ్యలోంచే ఏ82 హైవే పోతుంది, బళ్ల మోత వదలదు. టిల్ట్ నది పారే లోయ గ్లెన్ టిల్ట్‌లో ఎస్టేట్ (అక్కడి పెద్ద ప్రైవేటు భూమి) వాళ్ల జీపులు తప్ప బళ్లు తిరగవు. పైగా బ్లెయిర్ అథోల్ స్టేషన్‌లో రైలు దిగి అక్కడి నుంచే నడక మొదలుపెట్టొచ్చు.

ముందు రైలు సంగతి. ఎడిన్‌బరో నుంచి పెర్త్ మీదుగా ఇన్వర్‌నెస్ వెళ్లే లైను ఇది, ప్రయాణం దాదాపు రెండు గంటలు. ఆ లైన్లో వెళ్లే ప్రతి బండీ బ్లెయిర్ అథోల్‌లో ఆగదు, ఆదివారాలు మరీ తక్కువ. అందుకని తిరుగు బండి టైము ముందు చూసుకుని, రోజంతా దాన్నిబట్టి వెనక్కి లెక్కేసుకోండి. ఈ నడకలో కాళ్లు సహకరించకపోవడం కన్నా బండి తప్పిపోవడమే పెద్ద ఇబ్బంది. తప్పినా కంగారు పడక్కర్లేదు, పక్క ఊరు పిట్లాక్రీ 11 కి.మీ. దూరమే, టాక్సీలో వెళ్తే అక్కడ ఇంకాస్త వసతి ఉంటుంది.

స్టేషన్ నుంచి ఊళ్లోంచి తూర్పుగా వెళ్తే టిల్ట్ నది మీద వంతెన వస్తుంది. అది దాటి ఎడమకు తిరిగే చిన్న తారురోడ్డు ఓల్డ్ బ్రిడ్జ్ ఆఫ్ టిల్ట్‌కి చేరుస్తుంది. అక్కడ నడకకొచ్చేవాళ్ల కార్ పార్కింగ్ ఉంది, లోయలోకి వెళ్లే రాళ్ల బాట దానికి దగ్గర్లోనే మొదలు. టాయిలెట్ పని ఊళ్లోనే ముగించుకోండి, లోపల ఏమీ లేదు. ఊరికి ఎగువన ఒక రైఫిల్ రేంజ్ ఉంది. ఎర్ర జెండా ఎగురుతుంటే లోపల కాల్పులు జరుగుతున్నట్టు, కాబట్టి అక్కడి బోర్డు చూపించే పక్కదారిన పోవాలి.

మొదటి భాగమంతా చెట్ల మధ్య, కింద లోతుగా నది. తర్వాత లోయ తెరుచుకుంటుంది. లాక్ టే ఫాల్ట్ అనే భూభ్రంశం (నేలలోని పెద్ద చీలిక) వెంబడి ఏర్పడింది కాబట్టి చాలా దూరం తిన్నగా కనిపిస్తుంది. గిల్బర్ట్ వంతెన దాకా వెళ్లి వెనక్కి రండి. స్టేషన్ నుంచి స్టేషన్‌కి 11-12 కి.మీ. అవుతుంది. ఎక్కుడు ఉంది గానీ నిదానంగా సాగుతుంది. పెద్దవాళ్లతో గంటకు 3 కి.మీ. లెక్క వేసుకోండి, నాలుగు గంటల నడక, గంట విరామం. అది ఎక్కువనిపిస్తే ఓల్డ్ బ్రిడ్జ్ దాకా టాక్సీ పెట్టుకోండి. వంతెన రాకపోయినా సరే, అనుకున్న టైము కాగానే వెనక్కి తిరగండి.

1785లో భూగర్భ శాస్త్రవేత్త జేమ్స్ హట్టన్ ఈ లోయలోనే నల్లటి రాతిలోకి చొచ్చుకుపోయిన ఎర్రటి గ్రానైట్ చారలు చూసి, గ్రానైట్ ఒకప్పుడు కరిగిన ద్రవమేనని తేల్చాడు. ఆ చోటు ఫారెస్ట్ లాడ్జ్ దగ్గర, ఊరికి దాదాపు 13 కి.మీ. పైన. నాన్నగారికి ఎంత ఆసక్తి ఉన్నా ఈ ట్రిప్పులో మాటివ్వకండి.

ఎస్టేట్ భూమి కదా, ఎవరైనా ఆపుతారా అన్న భయం వద్దు. 1847లో ఎడిన్‌బరో వృక్షశాస్త్ర ప్రొఫెసర్ జాన్ హట్టన్ బాల్ఫోర్‌నీ ఆయన విద్యార్థుల్నీ అథోల్ డ్యూక్ మనుషులు ఇక్కడే అడ్డగించారు, ఆ గొడవ కోర్టుకెక్కింది. ఇప్పుడు 2003 నాటి భూసంస్కరణల చట్టం ప్రకారం బాధ్యతగా నడిచేవాళ్లకు హక్కుంది. బాధ్యత అంటే ఏప్రిల్లో ముఖ్యంగా రెండు. గొర్రెలు ఈనే కాలం కాబట్టి తల్లికీ పిల్లకీ మధ్యలోంచి నడవకూడదు, గేటు ఎలా ఉంటే అలాగే వదిలేయాలి. రెండోది, నది పక్క పచ్చికలో పిట్టలు నేలమీదే గుడ్లు పెడతాయి. తలమీద కుచ్చుండే ఒక పిట్ట, మన తీతువు జాతిదే, అరుస్తూ మీ నెత్తిమీద చక్కర్లు కొడితే గూడు దగ్గర్లో ఉన్నట్టు. బాట దిగకుండా ముందుకు సాగిపోండి.

బట్టల విషయంలోనే మనవాళ్లు దెబ్బతింటారు. నలభై డిగ్రీల ఎండలోంచి వచ్చినవాళ్లకు పగలు పది డిగ్రీలు, పైనుంచి గాలి. లోయ పక్కనుండే బెన్ ఎ గ్లో శిఖరాల మీద అప్పటికింకా మంచు కనిపించొచ్చు. నడుస్తున్నంతసేపూ బాగానే ఉంటుంది, ఫొటోల కోసం పది నిమిషాలు ఆగితే ఒంటిమీది చెమట చల్లబడి వణుకు మొదలవుతుంది. కాటన్ బనియన్, జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు. లోపల సింథటిక్ లేదా ఉన్ని, మధ్యలో ఫ్లీస్, పైన వాన చొరని జాకెట్, చెవులు కప్పే టోపీ, గ్లవ్స్. అమ్మగారు చీరే కడతానంటే లోపల థర్మల్ వేసి, కుచ్చిళ్లు చీలమండ పైకి పిన్ను పెట్టించండి. బాట గరుకు రాళ్లది, పల్చటి అట్ట ఉన్న బూట్లయితే అరికాళ్లు నొప్పెడతాయి. కొత్త బూట్లు కొంటే వారం ముందు నుంచే ఇంట్లో తొడిగించండి. వాతావరణంలో వానతో పాటు గాలి వేగం కూడా చూడండి. గంటకు 30 మైళ్లు దాటితే మరో రోజుకు మార్చుకోండి.

పులిహోర కన్నా చపాతీ చుట్టలు మేలు, ఆ చలికి అన్నం గట్టిపడిపోతుంది. ఫ్లాస్కులో టీ, మనిషికో లీటరు నీళ్లు. ఏటి నీళ్లు ఎంత తేటగా ఉన్నా తాగొద్దు, పైన గొర్రెలు మేస్తుంటాయి. ఫోన్ సిగ్నల్ నమ్మొద్దు, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. కాగితం మ్యాపు కావాలంటే ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ల ల్యాండ్‌రేంజర్ 43 కొనండి. ‘రిజిస్టర్’ అని ఇంగ్లిష్‌లో అత్యవసర నంబరు 999కి ముందే మెసేజ్ పంపి ఉంచితే, ఫోన్‌లో మాట వెళ్లని చోట కూడా మెసేజ్‌తో సాయం అడగొచ్చు. మాట్లాడగలిగితే 999కి ఫోన్ చేసి ముందు పోలీసును, తర్వాత మౌంటెన్ రెస్క్యూను అడగాలి.

ముసిరే చిన్న దోమల్లాంటి మిడ్జ్‌లు అప్పటికింకా రావు, అదొక అదృష్టం. పిడుదులు మాత్రం ఉంటాయి. పిల్ల పిడుదు గసగసాల గింజంతే. ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపండి, ఇంటికొచ్చాక మోకాళ్ల వెనక, గజ్జల్లో, చంకల్లో వెతకండి. కరిచి ఉంటే సన్నమూతి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగాలి. నూనె రాయడం, కాల్చడం పనికిరావు. పిడుదు కాటుతో వచ్చే లైమ్ జబ్బు దద్దు చాలాసార్లు నెల లోపే బయటపడుతుంది, చామనఛాయ ఒంటిమీద ఎర్రగా కాక కాస్త ముదురుగా మాత్రమే కనిపించొచ్చు. అప్పటికి వాళ్లు ఊరికి వెళ్లిపోయి ఉంటారు కాబట్టి, జ్వరమో దద్దో వస్తే స్కాట్లండ్‌లో పచ్చికలో నడిచామని అక్కడి డాక్టరుతో తప్పకుండా చెప్పమనండి. మన దగ్గర ఆ జబ్బు అరుదు, చెప్పకపోతే ఆయనకు తట్టదు.