క్లింగాన్ వ్యాకరణంతో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. స్టార్ ట్రెక్ అనే ఇంగ్లీషు సినిమాల్లో, సీరియళ్లలో గ్రహాంతరవాసులు మాట్లాడే క్లింగాన్ నేర్చుకుంటోంది. అది నేర్చుకునే ఇంకొందరితో రాత్రిళ్లు ప్రత్యయాల గురించి గంటలకొద్దీ వాదనలు. లేని భాషకి వ్యాకరణమేంటండీ? మాన్పించాలా?

జవాబు: మాన్పించకండి. క్లింగాన్‌తో ఉద్యోగం మాత్రం రాదు, ముందే చెప్పేస్తున్నా. సినిమాలకి భాషలు కల్పించి బతికేవాళ్లు ప్రపంచం మొత్తమ్మీద కొద్దిమందే. క్లింగాన్‌ని కట్టిన మార్క్ ఓక్రాండ్ కూడా టీవీ కార్యక్రమాలకి క్యాప్షన్లు అందించే సంస్థలో ఉద్యోగం చేశాడు. అంతకుముందు ఆయన, మాట్లాడేవాళ్లు మిగలని ముత్సున్ అనే కాలిఫోర్నియా భాష వ్యాకరణం మీద 1977లో అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేశాడు. అందుకే 1985లో వచ్చిన ఆయన క్లింగాన్ నిఘంటువులో మాటలతోపాటు పకడ్బందీ వ్యాకరణం కూడా ఉంది.

అమ్మాయి దేని గురించి వాదిస్తోందో ఒకసారి పక్కన కూర్చుని వినండి. క్లింగాన్ వాక్యంలో కర్మ ముందు, క్రియ మధ్యలో, కర్త చివర. క్రియకి ముందు తగిలే చిన్న ముక్క ఎవరు ఎవరిని అన్నది చెప్పేస్తుంది, వెనక వచ్చే ప్రత్యయాలకి తొమ్మిది తరగతులు, వాటికో వరుస. బహువచన ప్రత్యయాలు మూడు: మాట్లాడగల జీవులకి ఒకటి, శరీర భాగాలకి ఒకటి, మిగతావాటికి ఒకటి. మనం ‘పిల్లలు వచ్చారు’, ‘బస్సులు వచ్చాయి’ అని క్రియలో చూపించే తేడా లాంటిదే, వాళ్లు నామవాచకం మీదే చూపిస్తారు. కాలం చెప్పే ప్రత్యయమైతే అసలు లేదు. పని పూర్తయిందా, సాగుతోందా అన్నదే ఉంటుంది. కొత్తవాళ్లు పూర్తయిందని చెప్పేదాన్ని భూతకాలం అనుకుని వాడేస్తారు, పాతవాళ్లు దిద్దుతారు, ఇక రాత్రంతా అదే గొడవ.

ఈ గొడవ ఎలా తేలుతుందన్నదే మీరు చూడాల్సింది. ‘మా ఇంట్లో ఇలాగే అంటాం’ అనడానికి ఇది ఎవరి ఇంటి భాషా కాదు కాబట్టి, ఓక్రాండ్ రాసిన వాక్యాలు వెతికి తెచ్చి చూపించాల్సిందే. అలా ఉదాహరణలు పోగేసి, ఎదురు ఉదాహరణ వస్తే తన మాట మార్చుకుంటోందంటే, భాషాశాస్త్రంలో చేసే పని ఆమె ఇప్పటికే మొదలుపెట్టినట్టే. ఎదుటివాళ్ల తప్పులు పట్టుకోవడమే సరదా అయితే అది హాబీ, హాబీగా ఉండనివ్వండి, కొంపేమీ మునిగిపోదు.

మొదటి రకం అయితే పీజీలో లింగ్విస్టిక్స్ గురించి ఆలోచించండి. నిఘంటువుల పని, అంతరించిపోతున్న భాషల్ని నమోదు చేయడం, మాటని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్, అనువాద సాఫ్ట్‌వేర్, ఇవన్నీ దారులే. స్పీచ్ థెరపీ కావాలంటే దానికి వేరే కోర్సు ఉంటుంది, కలిపేయకండి. మొదటి ఉద్యోగం డేటాకి లేబుళ్లు పెట్టేది, అంటే సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి వాక్యాల్లో ఏది ఏమిటో గుర్తులు పెట్టేది కావచ్చు, జీతమూ గొప్పగా ఉండకపోవచ్చు. కోడింగ్ వస్తే చేయగలిగే పనులు పెరుగుతాయి కాబట్టి ఇప్పటినుంచే పైథాన్ నేర్చుకోమనండి. క్లింగాన్ క్రియని ఇస్తే ప్రత్యయాలు విడగొట్టి చూపించే చిన్న ప్రోగ్రామ్ మొదటి ప్రాజెక్టుగా బాగుంటుంది, ప్రత్యయాల వరుస చాలావరకు ఖాయం కాబట్టి మరీ కష్టం కాదు. తర్వాత అదే పని తెలుగు క్రియలతో చేయమనండి, చుక్కలు కనిపిస్తాయి! రెజ్యూమెలో ‘క్లింగాన్ వచ్చు’ అని రాస్తే నవ్వుతారేమో కానీ, ఈ రెండు ప్రోగ్రాములూ చూపిస్తే ఇంటర్వ్యూలో మాట్లాడటానికి సరుకుంటుంది.

రాత్రి నిద్ర, పరీక్షల మార్కులు దెబ్బతింటుంటే టైము గురించి గట్టిగానే మాట్లాడండి. ‘లేని భాష’ అని మాత్రం ఆమె దగ్గర అనకండి, ఇంకో గంట వాదన మీతో మొదలవుతుంది.