డ్రిల్లు కాదమ్మా, ముందు బ్యాటరీ చూడు

గుంటూరు బ్రాడీపేట నుంచి వచ్చి, ఒహాయోలో మొన్ననే ఇల్లు కొనుక్కున్న ఒక చెల్లి అడిగింది: "అక్కా, మా ఇల్లు 1974లో కట్టింది. కర్టెన్ రాడ్లు, ఫ్లోరింగ్ లాంటి చిన్న చిన్న పనులు మేమే చేసుకుందామని. డ్రిల్లు, రంపం లాంటి ఆరు బ్యాటరీ మిషన్లున్న సెట్టు ఆఫర్లో ఉంది, ఆదివారం దాకే. మావారు కొనేద్దామంటున్నారు. కొనమంటారా?"

వద్దమ్మా. ఎందుకు వద్దంటున్నానో తెలియాలంటే మా విజయవాడ డ్రిల్లు సంగతి వినాలి.

మేము ఇక్కడ అమెరికాలో ఇల్లు కొన్నది 2010లో. ఆ ముందు ఏడాది పటమటలో మా నాన్నగారింటికి వెళ్ళినప్పుడు, వన్‌టౌన్‌లో ఒక హ్యామర్ డ్రిల్లు (తిరుగుతూనే సుత్తిలా కొట్టేది, ఇటుక గోడలకి వాడతారు) కొని సూట్‌కేసులో పెట్టుకొచ్చాను. చవగ్గా వచ్చిందని ఎంత సంబరమో. మన కరెంటు 230 వోల్టులు, ఇక్కడ 120. అడాప్టర్ పెడితే సరిపోతుందనుకున్నాను. అది పిన్నుల ఆకారం మారుస్తుంది గానీ వోల్టేజీని మార్చదు. స్విచ్ నొక్కితే డ్రిల్లు నీరసంగా మూలిగింది.

సరే, తిరుగుతోంది కదా అని కర్టెన్ రాడ్ కోసం గోడకి ఆనించాను. మన గోడలు ఇటుక, పైన సిమెంటు. చిన్నప్పుడు మా ఇంట్లో పనిచేసిన మేస్త్రీ ఒళ్ళంతా బరువు వేసి నొక్కేవాడు. నేనూ అలాగే నొక్కాను. బిట్టు ఒక్కసారిగా లోపలికి దిగబడిపోయింది. వెనకే మిషను మూతి వెళ్ళి గోడకి గుద్దుకుని రూపాయి బిళ్ళంత గుంట పడింది. నా పాదాల మీద తెల్లటి పొడి. గోడ లోపల బోలు! ఇక్కడ గోడంటే సాధారణంగా డ్రైవాల్ అనే అర అంగుళం మందం జిప్సం పలక, దాని వెనక ఖాళీ, మధ్యలో 16 అంగుళాలకొకటి చొప్పున నిలువు చెక్కలు. వాటిని స్టడ్ అంటారు, బరువు మోసేవి అవే. కాస్త పక్కన మళ్ళీ మొదలుపెడితే ఈసారి స్టడ్ తగిలింది. కానీ నా దగ్గరున్నది సిమెంటుకి వాడే బిట్టు. అది చెక్కని కోయదు, రుద్దుతుంది. పొగ వచ్చి, కాలిన వాసన కొట్టింది.

చివరికి పనివాణ్ణి పిలిచాం. గంటలో మూడు కిటికీలకీ రాడ్లు బిగించి 120 డాలర్లు తీసుకున్నాడు. అప్పట్లో డాలరు 45 రూపాయల చిల్లర. అయిదు వేల పైమాట! మా ఊళ్ళో వడ్రంగికి ఎన్ని రోజుల కూలో లెక్కేసుకుంటూ ఆ రాత్రి నిద్రపోలేదు.

ఆ మంటలోనే రెండో తప్పు చేశాను. ఇక ఎవర్నీ పిలవకూడదని పంతం పట్టి, ఆఫర్ కనబడ్డప్పుడల్లా కొన్నాను. ఒక కంపెనీ డ్రిల్లు, ఇంకో కంపెనీ శాండర్ (చెక్కని అరగదీసేది), మూడో కంపెనీ సర్క్యులర్ సా (గుండ్రటి రంపం). ఒకదాని బ్యాటరీ ఇంకోదానికి పట్టదు. గరాజులో మూడు ఛార్జర్లు వరసగా వేలాడేవి. ఆ పైన 230 డాలర్లు పోసి చెక్కని ఏటవాలుగా కోసే మైటర్ సా కొన్నాను. ఒక గదికి బేస్‌బోర్డులు (గోడ అడుగున బిగించే పట్టీలు) కోశాక మూడేళ్ళు దాని మీద పాత దుప్పటి కప్పే ఉంది. ఏడాది తిరిగాక లెక్క రాసుకుంటే 900 డాలర్లు దాటింది. ఆ కాగితం ఇప్పటికీ నా టూల్‌బాక్స్ మూతకి లోపలివైపు అంటించి ఉంది.

కాబట్టి మరిదిగారికి చెప్పు, ఎంచుకోవలసింది మిషన్ని కాదు, బ్యాటరీని. ఏ కంపెనీది తీసుకుంటే పదేళ్ళు దాంతోనే కాపురం. కొన్నిసార్లు మిషను కంటే బ్యాటరీయే ఎక్కువ ఖరీదు. 18 వోల్టులనీ, 20 వోల్ట్ మ్యాక్స్ అనీ రాసి ఉంటే కంగారు పడకండి. నిండా ఛార్జ్ అయినప్పుడు 20, పనిలో ఉన్నప్పుడు 18, అంతే తేడా. పెద్ద అంకె చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి. డ్రిల్లు, ఇంపాక్ట్ డ్రైవర్, రెండు బ్యాటరీలు, ఒక ఛార్జర్ కలిపి వచ్చే సెట్టు మొదటి ఆర్నెల్లకి చాలు. చిల్లు పెట్టడానికి డ్రిల్లు, పొడుగు స్క్రూలు దించడానికి ఇంపాక్ట్ డ్రైవర్. గోడలో స్టడ్ ఎక్కడుందో చూపించే స్టడ్ ఫైండర్ మర్చిపోకు. ఆ తర్వాత ఏ పని మీద పడితే దానికి తగ్గ మిషను, అదే కంపెనీది, బ్యాటరీ లేకుండా ఒంటిగా కొనుక్కో. పాతింట్లో ముందు అవసరం పడేది మల్టీ టూల్ (చిన్న బ్లేడు అటూ ఇటూ ఊగుతూ కోసేది) అనుకుంటాను. ఫ్లోరింగ్ వేసేటప్పుడు గుమ్మం చెక్క అడుగున సన్నగా కోయాలంటే దాన్ని మించింది లేదు. నేలంతా అరగదీసే పెద్ద శాండర్, టైల్స్ కోసే రంపం లాంటివి మాత్రం రోజు అద్దెకి తెచ్చుకో. కాలిఫోర్నియాలో బర్క్‌లీ లైబ్రరీ 1979 నుంచి పుస్తకాల్లాగే పనిముట్లు కూడా అరువిస్తోంది. మీ ఊరి లైబ్రరీలో కూడా ఇస్తారేమో అడిగి చూడు, రూపాయి ఖర్చు లేదు.

ఒక్క చోట మాత్రం డబ్బు చూడకు. ఇళ్ళకి వేసే పెయింట్లలో సీసం (లెడ్) వాడకాన్ని ఇక్కడ 1978లో నిషేధించారు. మీ ఇల్లు అంతకు ముందుది. గోడలనీ కిటికీలనీ శాండర్‌తో రుద్దితే ఆ దుమ్ము గాల్లో కలుస్తుంది, పిల్లలకి మరీ ప్రమాదం. ముందు పెయింటుకి పరీక్ష చేయించు. ఏ పనికి పర్మిట్ కావాలన్నది మీ సిటీ వెబ్‌సైట్లో ఉంటుంది, చూసుకో. కళ్ళద్దాలు, చెవులకి మఫ్స్ కొను. చున్నీ వేసుకుని డ్రిల్లు పట్టుకోకు, చుట్టుకుంటే లాగేస్తుంది.

ఇంకొకటి. డ్రిల్లు బాగుంది కదా అని సంక్రాంతికి గుంటూరు పట్టుకెళ్తారేమో. 2016లో మా అమ్మ బాత్రూమ్‌లో పట్టుకోవడానికి రాడ్ బిగిద్దామని నేను పట్టుకెళ్ళాను. ఛార్జర్ మీద 120 వోల్టులనే రాసుంది, చూసుకోలేదు. ప్లగ్గులో పెట్టగానే టప్‌మని పేలింది. బ్యాటరీలో మిగిలిన ఛార్జింగుతో ప్రయత్నిస్తే ఇటుక గోడ మీద గీత కూడా పడలేదు, అది హ్యామర్ లేని డ్రిల్లు. చివరికి నేను 2009లో కొన్న డ్రిల్లునే తీశాం. అంతకు ముందు ట్రిప్పులో దాన్ని తిరిగి పట్టుకెళ్ళి నాన్నగారికిచ్చేశాను, ఆయన బీరువాలో దాచారు. పది నిమిషాల్లో రాడ్ బిగిసింది.

ఆదివారం దాటనివ్వండి. కర్టెన్ రాడ్లు బిగించాక మళ్ళీ రాయి, ఫ్లోరింగ్ సంగతి అప్పుడు చూద్దాం.