స్కూటీ ఆశ పెట్టాక పరుగు మానేసిన అమ్మాయి: స్పోర్ట్స్ సైకాలజీలో చేర్పించొచ్చా?

ప్రశ్న: మాది కోవూరు. మా పాప ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. 800 మీటర్లు పరిగెత్తుతుంది. రెండేళ్లుగా తెల్లారకముందే పెన్నా బ్రిడ్జి దాటించి నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియానికి నేనే తీసుకుపోయేవాణ్ని. జిల్లాలో మెడల్ వచ్చింది. స్టేట్ మీట్‌లో కూడా తెస్తే స్కూటీ కొనిస్తానన్నాను. ఆరో స్థానం వచ్చింది. టైమింగ్ 2 నిమిషాల 40 సెకన్లు. మొదటి రౌండ్ 72, రెండోది 88. అప్పట్నుంచి గ్రౌండ్‌కి రానంటోంది. స్పోర్ట్స్ సైకాలజీ, అంటే ఆటగాళ్ల మనసు గురించిన శాస్త్రం, చదువుతుందట. తనకే పట్టుదల లేదు, ఇంకొకరికేం చెబుతుంది? చేర్పించొచ్చా?

జవాబు: చేర్పించొచ్చు. కానీ పాపకు పట్టుదల లేదన్న మాట మాత్రం ఒప్పుకోలేను. రెండేళ్లు చీకటితో లేచి వచ్చిన పిల్ల అది. పట్టుదల ఎటు పోయిందో వెతకాలి గానీ అసలే లేదనేస్తే ఎలా?

అంతకన్నా ముందు ఒక రక్తపరీక్ష చేయించండి. ఈ వయసు ఆడపిల్లలు దూరాలు పరిగెత్తుతుంటే ఐరన్ తగ్గిపోవడం చాలా మామూలు. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనతే. అది 12 పైన ఉన్నా ఫెరిటిన్, అంటే ఒంట్లో ఐరన్ నిల్వ, తక్కువై కాళ్లు లాగేయొచ్చు, అందుకని రెండూ చూపించండి. నెలసరి తప్పుతోందా, మోకాలి కింద ఎముక నొప్పి ఉందా అని వాళ్లమ్మ చేత అడిగించండి. ఒంట్లో లోపాన్ని బద్ధకం కింద జమకట్టడం గ్రౌండ్‌లో తరచూ జరిగే పొరపాటు.

పరీక్షల్లో ఏమీ లేదంటే, ఇక స్కూటీ సంగతి. 1971లో అమెరికాలో ఎడ్వర్డ్ డెసి అనే మనస్తత్వవేత్త కాలేజీ విద్యార్థులకు ముక్కలు పేర్చే పజిల్స్ ఇచ్చాడు. కొందరికి పూర్తిచేసిన ఒక్కోదానికి ఒక డాలర్ చొప్పున ఇచ్చి, తర్వాత డబ్బు ఆపేశాడు. ఖాళీ సమయంలో వాళ్లు ఆ పజిల్స్ ముట్టుకోవడం తగ్గింది. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు, రంగు పెన్నులతో బొమ్మలు గీసే నర్సరీ పిల్లల మీద ఇలాంటి ప్రయోగమే చేశారు. బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి ఇచ్చిన పిల్లలు, వారం రెండు వారాల తర్వాత ఆ పెన్నుల జోలికి పోవడం బాగా తగ్గింది. చెప్పకుండా, వేశాక ఇస్తే మాత్రం తగ్గలేదు.

మీకు కావలసిన తేడా అక్కడే ఉంది. పిల్లకు బహుమతి ఇవ్వడంలో తప్పు లేదు, చిక్కంతా "తెస్తేనే" అన్న షరతుతో. అంతవరకు తన కోసం పరిగెత్తిన పిల్లకు ఆ మాటతో పరుగు స్కూటీ బేరం అయింది. ఆరో స్థానం రాగానే బేరం పోయింది, దాంతోపాటే పొద్దున్నే లేవడానికి కారణమూ పోయింది.

డెసి, రిచర్డ్ రయాన్ కలిసి తర్వాత దీన్నొక పూర్తి సిద్ధాంతంగా కట్టారు. మనిషి ఒక పనిని తనంతట తాను పట్టుకుని ఉండాలంటే మూడు కావాలంటారు: నిర్ణయం తన చేతిలో ఉండటం, ఇది నాకు చేతనవుతోందనిపించడం, చుట్టూ నావాళ్లున్నారన్న భరోసా. మీ పాపకు వీటిలో మొదటిది అసలు దొరికిందా? ఎన్ని గంటలకు లేవాలో, ఏ మీట్‌కు పోవాలో ఎవరు చెప్పారో ఒకసారి గుర్తుచేసుకోండి. ఈసారి ఆ మాట తననే చెప్పనివ్వండి. వారానికి మూడు రోజులు చాలంటే మూడే. గ్రౌండ్‌లో తనతో పరిగెత్తే అమ్మాయిలుంటే వాళ్లతోనే పోనివ్వండి.

రెండోది, చేతనవుతోందన్న నమ్మకం. ఇది పొగడ్తలతో రాదు. మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లోనే చెప్పాడు, ఆత్మవిశ్వాసానికి అన్నిటికన్నా బలమైన ఆధారం తాను స్వయంగా చేసి గెలిచిన అనుభవమని. ఇప్పుడు మీరిచ్చిన అంకెలు చూడండి: 72, 88. 800లో మొదటి రౌండ్ కొంచెం వేగంగా పోవడం మామూలే గానీ, 16 సెకన్ల తేడా అంటే మొదట్లోనే శక్తంతా ఖర్చుపెట్టేసింది. అదే 2:40ని 78, 82గా పంచుకుంటే చివరి 200లో కాళ్లు అంత బిగుసుకోవు, టైమింగ్ కూడా తగ్గే అవకాశం ఉంది.

కోచ్‌తో మాట్లాడి వారానికొకసారి ఇది పెట్టించండి: 200 మీటర్లు ఆరుసార్లు, ఒక్కోటి 39-40 సెకన్లలో, మధ్యలో రెండు నిమిషాల విరామం. మొదటిది 35లో పోతే ఆ రోజు మెచ్చుకోవద్దు, లెక్క తప్పింది. ఆరోది కూడా 40లో వస్తే అదీ గెలుపు. ఆ ఆరు అంకెలు పాపే నోటుబుక్‌లో రాసుకోవాలి. నాలుగు వారాలయ్యాక ఆ పేజీలు తిప్పి చూసుకుంటే తాను ఎక్కడ మెరుగైందో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఓటమికి పిల్ల చెప్పుకునే కారణం కూడా వినండి. "నాకు స్టామినా లేదు" అంటే అది మారనిదని తేల్చేసుకుంది, ప్రయత్నం దండగ అనుకుంటుంది. "మొదటి రౌండ్ 72లో పోయాను" అంటే మార్చుకోవచ్చు. గెలుపోటములకు మనం చెప్పుకునే కారణాల మీద మనస్తత్వవేత్త బెర్నార్డ్ వైనర్ కట్టిన సిద్ధాంతంలో కీలకం ఇదే. బండి మీద తిరిగొచ్చేటప్పుడు "ఎన్నో ప్లేస్?" అని కాక "రెండో రౌండ్ ఎలా పోయింది?" అని అడగండి. ఫలానావాళ్ల అమ్మాయి 2:30 చేసిందట అన్న మాట ఇంట్లో ఎత్తకండి. మరో మనస్తత్వవేత్త జాన్ నికోల్స్ చెప్పినట్టు, పక్కవాళ్లతో పోల్చుకుని మాత్రమే గెలుపు కొలుచుకునే పిల్లలు, తమ సామర్థ్యం మీద అనుమానం పుట్టగానే ఆట నుంచి తప్పుకోవడానికి చూస్తారు. నిన్నటి తనతో పోల్చుకునేవాళ్లు నిలబడతారు.

ఇక చదువు. ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫర్వాలేదు, డిగ్రీలో సైకాలజీ ఉన్న కాలేజీ చూడండి. బీపీఈడీ (వ్యాయామ ఉపాధ్యాయుల కోర్సు) చేస్తే స్పోర్ట్స్ సైకాలజిస్ట్ అయిపోతారని చాలామంది అనుకుంటారు, కారు. అందులో ఇది ఒక పేపర్ మాత్రమే. డిగ్రీ తర్వాత సైకాలజీలో పీజీ చేయాలి, లేదా నేరుగా స్పోర్ట్స్ సైకాలజీలోనే పీజీ చేయాలి. మణిపూర్‌లోని జాతీయ క్రీడా విశ్వవిద్యాలయంలో ఆ ఎంఏ ఉంది. డిప్రెషన్ వంటి జబ్బులకు చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్ట్ దారి వేరు, దానికి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ కావాలి.

ఉద్యోగాల విషయం దాచకుండా చెప్పాలి. 2011 ప్రపంచకప్ గెలిచిన మన క్రికెట్ జట్టుతో ప్యాడీ అప్టన్ ఆటగాళ్ల మనసు మీద పనిచేశాడు. కానీ అలాంటి కొలువులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. స్పోర్ట్స్ అథారిటీ కేంద్రాల్లో, అకాడమీల్లో దొరికేవి ఎక్కువగా కాంట్రాక్టువి. అందుకే రెండో ఆధారం ఉంచుకోవాలి. డిగ్రీ అయ్యాక పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీపీఈడీ చేస్తే డీఎస్సీలో స్కూలు పోస్టులకు అర్హత వస్తుంది, ఎంపీఈడీ, నెట్ ఉంటే కాలేజీలకు. పీఈసెట్‌లో అమ్మాయిలకు 100 మీటర్లు, 400 మీటర్లు, షాట్‌పుట్, లాంగ్ జంప్ లేదా హైజంప్, పైగా ఒక ఆటలో నైపుణ్య పరీక్ష ఉంటాయి. ఆ ఏడాది నోటిఫికేషన్ చూసి సరిచూసుకోండి. 800 పరిగెత్తే పిల్లలు సాధారణంగా షాట్‌పుట్ దగ్గర మార్కులు పోగొట్టుకుంటారు. డిగ్రీ మూడేళ్లలో వారానికి రెండు రోజులు నాలుగు కిలోల గుండు పట్టిస్తే ఆ ఇబ్బంది ఉండదు.

స్కూటీ గురించి అడగలేదు గానీ చెబుతున్నాను. డిగ్రీ కాలేజీకి వెళ్లిరావడానికి అవసరమైతే, 18 నిండి లైసెన్స్ వచ్చాక కొనివ్వండి. పరుగుకీ దానికీ సంబంధం లేదని ఇప్పుడే, ఈ వారమే, మీ నోటితో పాపకు చెప్పండి.