మత్తు డాక్టరు బయటివాడైతే ఆసుపత్రికి బాధ్యత ఉండదా?

ప్రశ్న: ఏడు నెలల క్రితం మా చెల్లెలికి ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో సిజేరియన్ చేశారు. వెన్నుకు మత్తు ఇచ్చిన కాసేపటికే ఊపిరాడక స్పృహ తప్పింది. బిడ్డ క్షేమం. చెల్లెలు వేరే ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద ఉండి బతికింది గానీ జ్ఞాపకశక్తి బాగా తగ్గిపోయింది. అడిగితే, ‘మత్తు డాక్టరు బయటి నుంచి వచ్చినాయన, మాకు సంబంధం లేదు. పైగా ఆమె భర్త సంతకం పెట్టారు’ అంటున్నారు. కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. ముందు సంతకం సంగతి. మీ చెల్లెలు మేజరు, ఆపరేషన్‌కు ముందు తెలివిలోనే ఉంది కాబట్టి ఒప్పుకోవాల్సింది ఆమే. 2008లో సమీరా కోహ్లీ కేసులో, రోగి తరఫున తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. ప్రాణాపాయమైతే మినహాయింపు ఉంది. ఆమే సంతకం పెట్టి ఉన్నా నిర్లక్ష్యానికి అది మాఫీ పత్రం కాదు. అయినా ఈ ఒక్క అంశం మీదే కేసు నడపమని నేను చెప్పను.

‘బయటి డాక్టరు’ వాదన మరీ పాతది. రోగి నమ్మి వచ్చేది ఆసుపత్రిని. మత్తు ఎవరిస్తారో ఎంచుకునేది ఆమె కాదు. జీతగాడైనా, పిలిపించినవారైనా ఆసుపత్రి జవాబు చెప్పాల్సిందేనని, తగిన జాగ్రత్త తీసుకున్నామని చూపించాల్సిన భారం కూడా దానిదేనని 2004లో సవితా గార్గ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మీరు మాత్రం ఆ డాక్టరునూ పార్టీగా చేర్చండి.

ఇక అసలు బలం మత్తు చార్టులో ఉంటుంది. వెన్నుకు మత్తు ఇచ్చాక బీపీ పడిపోవడం మామూలే. మందు మరీ పైకి పాకితే ఊపిరి కండరాలూ పనిచేయవు. ఇవి జరిగినంత మాత్రాన నిర్లక్ష్యమని కోర్టు అనదు. వెంటనే గుర్తించారా, ఆక్సిజన్, బీపీ పెంచే మందు, శ్వాసగొట్టం ఏ నిమిషంలో ఇచ్చారు, మత్తు డాక్టరు చివరిదాకా థియేటర్‌లోనే ఉన్నారా లేక సూది ఇచ్చి మరో ఆసుపత్రికి పరుగెత్తారా అన్నదే ప్రశ్న. చార్టులో బీపీ, నాడి అయిదేసి నిమిషాలకు రాసి ఉండాలి. సరిగ్గా ఆమె స్పృహ తప్పిన సమయం దగ్గర గళ్లు ఖాళీగా ఉన్నా, అన్ని అంకెలూ ఒకే ఊపులో తర్వాత నింపినట్టున్నా మీ లాయరుకు అంతకంటే మంచి ఆధారం దొరకదు.

అందుకే లీగల్ నోటీసు కంటే ముందు కేస్ షీట్, మత్తు చార్టు, నర్సుల నోట్సు కావాలని రాతపూర్వకంగా అడిగి, అందినట్టు ముద్ర వేయించుకోండి. అడిగిన 72 గంటల్లో రికార్డులివ్వాలని 2002 నాటి వైద్య వృత్తి నిబంధనలు చెబుతున్నాయి. రెండో ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లులు, జ్ఞాపకశక్తిపై నరాల డాక్టరు రిపోర్టు కూడా జతచేయండి. నిపుణుడి అభిప్రాయం ప్రతి కేసులోనూ తప్పనిసరి కాదని 2010లో వి.కిషన్‌రావు కేసులో తీర్పు వచ్చింది. అయినా మత్తు విషయంలో మరో మత్తు నిపుణుడి లేఖ ఉంటే మేలు.

ఫిర్యాదు వినియోగదారుల కమిషన్‌లో, 2 ఏళ్లలోపు. నర్సింగ్ హోమ్ ఎక్కడున్నా మీ చెల్లెలు ఉండే జిల్లాలోనే వేయవచ్చు. మీరు కట్టిన ఫీజు 50 లక్షల లోపు కాబట్టి అడిగే పరిహారం ఎంతైనా జిల్లా కమిషనే వింటుంది. క్రిమినల్ కేసుకు మాత్రం తొందరపడకండి: 2005 నాటి జాకబ్ మాథ్యూ తీర్పు ప్రకారం తీవ్రమైన నిర్లక్ష్యం చూపాలి, అందుకు మరో డాక్టరు అభిప్రాయమూ ఉండాలి.