బలమైన హ్యాండ్‌హెల్డే గెలుస్తుందా? మా ఇంట్లో కన్వర్టర్ తేల్చిన సంగతి

మీ ప్రశ్న ఇది: "వారం వారం భీమవరం నుంచి వైజాగ్ రైల్లో తిరుగుతుంటాను. చేత్తో పట్టుకుని ఆడే గేమ్ మిషను (హ్యాండ్‌హెల్డ్) ఒకటి కొందామని ఉంది. నింటెండో స్విచ్ కొనాలా, పీసీ గేములు ఆడే స్టీమ్ డెక్ కొనాలా తేల్చుకోలేకపోతున్నా. పవర్ చూస్తే డెక్కే మేలు. కానీ హ్యాండ్‌హెల్డ్‌లలో బలమైనది ఎప్పుడూ ఓడిపోతుందంటున్నారు, నిజమేనా?"

చాలావరకు నిజమేనండి. ఎందుకు ఓడిపోతుందో నాకు 2007 వేసవిలో, రాజోలు దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో తెలిసొచ్చింది.

అప్పట్లో మా పిన్ని కువైట్‌లో ఉండేది. ఆ ఏడు సెలవుకి వస్తూ నాకు సోనీ హ్యాండ్‌హెల్డ్ పీఎస్‌పీ తెచ్చింది. పది రోజులు తిరక్కుండా మావయ్య దుబాయ్ నుంచి దిగాడు, బావకి నింటెండో డీఎస్ లైట్ పట్టుకుని. గల్ఫ్ సూట్‌కేసు విప్పుతుంటే ఇల్లంతా చుట్టూ ఎలా చేరుతుందో కోనసీమ వాళ్లకి చెప్పక్కర్లేదు. సెంటు సీసాలు, సబ్బులు, పాలపొడి డబ్బాలు, అన్నిటికంటే అడుగున ఆ తెల్ల పెట్టె.

మొదటిరోజు నేనే రాజుని. నా తెర 4.3 అంగుళాలు, 480×272 పిక్సెళ్లు. బావది రెండు చిన్న తెరలు, ఒక్కోటి 256×192. నేను కార్ల గేమ్ పెట్టి చూపిస్తే ఇంట్లో పిల్లలందరూ నా వైపు వచ్చేశారు. "నీది బొమ్మల పెట్టె బావా" అన్నాను కూడా.

మూడోరోజుకి కథ తిరగబడింది. గల్ఫ్ చార్జర్లకి మూడు చదరపు కాళ్లుంటాయి, మన ప్లగ్గులో దూరవు. ఇంట్లో ఉన్న కన్వర్టర్ ఒక్కటే. పైగా ఎండాకాలం కోతలు. కరెంటు రాగానే ఎవరు ముందు పరిగెడితే కన్వర్టర్ వాళ్లది. రెండ్రోజులు కొట్టుకున్నాం. తర్వాత బావ పరిగెత్తడం మానేశాడు, వాడికి అవసరమే లేకపోయింది. నాకు నాలుగైదు గంటలు ఆడేసరికి పచ్చ లైటు కొట్టుకోవడం మొదలుపెట్టేది. డీఎస్ లైట్‌కి వెలుగు తగ్గించి పెడితే 15 గంటల పైనే వచ్చేది. ఒక సాయంత్రం వాడే కన్వర్టర్ తెచ్చి నా చేతిలో పెట్టి, "నువ్వే ఉంచుకో, నాకు రేపు సాయంత్రం దాకా అక్కర్లేదు" అన్నాడు. లెక్కల్లో 35 వచ్చినప్పుడు కూడా నాకంత అవమానం అనిపించలేదు.

తేడా ఎక్కడంటే, పీఎస్‌పీలో గేమ్ యూఎమ్‌డీ అనే చిన్న డిస్కులో ఉంటుంది. అందులో 1.8 జీబీ పడుతుంది, కానీ దాన్ని తిప్పడానికి లోపల మోటారు కావాలి. కరెంటు పోయాక డాబా మీద పడుకుని ఆడుతుంటే ఆ గిర్రుమనే చప్పుడు పక్క మంచానికి వినిపించేది. తిరిగినప్పుడల్లా బ్యాటరీ తాగేది. డీఎస్‌లో గేమ్ తపాలా బిళ్లంత చిప్పు, తిరిగేదేమీ లేదు. ఆట ఎంతవరకు వచ్చిందన్నది కూడా ఆ చిప్పులోనే సేవ్ అయ్యేది. నాకేమో దానికి వేరే మెమరీ స్టిక్. కూడా వచ్చినది 32 ఎంబీ. పెద్దది కావాలని రాజమండ్రిలో ఒక షాపులో కొంటే అది డూప్లికేట్, రెండు వారాల్లో సేవ్‌లన్నీ గోవిందా. వెళ్లి అడిగితే బిల్లేదీ అన్నాడు. బిల్లు లేదు మరి.

ఇంకోటి చెప్పాలి. సఖినేటిపల్లి రేవులో నరసాపురం పంటు ఎక్కుతూ బావ డీఎస్ పుల్ల, అదే స్టైలస్, గోదాట్లో పడేసుకున్నాడు. నేను లోపల్లోపల సంబరపడ్డాను. వాడు ఇంటికొచ్చి కొబ్బరి ఈనె ఒకటి విరిచి, చివర గచ్చు మీద అరగదీసి, దాంతోనే ఆడేశాడు. ఒత్తితే పనిచేసే తెర అది, ఇప్పటి ఫోన్లలా వేలే పెట్టమనదు. గీతలు పడ్డాయనుకోండి.

అసలు దెబ్బ తాతయ్య కొట్టారు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. నా పీఎస్‌పీ చూపిస్తే "కళ్లు పోతాయిరా" అని తిప్పి ఇచ్చేశారు. బావ దగ్గర బ్రెయిన్ ట్రైనింగ్ గేమ్ ఉండేది. డీఎస్‌ని పుస్తకంలా నిలువుగా పట్టుకోవాలి, ఒక తెర మీద 20 చిన్న లెక్కలు వరసగా వస్తుంటాయి, రెండో తెర మీద జవాబు చేత్తో రాయాలి. తాతయ్య ఈనె పుల్లతో మొదలుపెట్టారు. మధ్యలో మిషను ఆయన నాలుగుని తొమ్మిది అనుకుంది. అంతా అయ్యాక మీది నడక వేగం అని చెప్పింది (అందులో వేగాన్ని నడక, సైకిలు, కారు, రైలు, ఇలా రాకెట్ దాకా కొలుస్తారు). "ముప్పై ఏళ్లు ఎక్కాలు చెప్పాను, నాది నడకా?" అని మళ్లీ మొదలెట్టారు. మర్నాడు కాఫీ తాగీ తాగగానే "ఏదిరా ఆ పలక?" అని అడిగారు. నెల తిరిగేసరికి రైలు దగ్గరకొచ్చారు, నాలుగు రాసే పద్ధతి కూడా మార్చుకుని. బావకి ఆడుకోవడానికి పలక దొరకడమే కష్టమైపోయింది.

ప్రపంచమంతా జరిగింది కూడా దాదాపు ఇదే. ఈ రెండూ 2004 డిసెంబర్‌లో పది రోజుల తేడాతో జపాన్‌లో విడుదలయ్యాయి. గేములు ఆడని ఇలాంటి తాతయ్యల్ని, అమ్మల్ని డీఎస్ లాక్కుంది, 15 కోట్లకు పైగా అమ్ముడైంది. పీఎస్‌పీ 8 కోట్ల దగ్గర ఆగింది. దాన్ని ఫెయిల్యూర్ అంటే మాత్రం నేనొప్పుకోను, నింటెండో మీదకి హ్యాండ్‌హెల్డ్‌తో వెళ్లినవాళ్లలో ఇంకెవరూ అంత దూరం రాలేదు.

అంతకు ముందూ ఇదే కథ. 1989లో నింటెండో గేమ్‌బాయ్ వచ్చింది, రంగుల్లేని బూడిదపచ్చ తెర, నాలుగు సెల్లులు. అదే ఏడు అటారీ లింక్స్, మరుసటేడు సెగా గేమ్ గేర్, రెండూ కలర్ తెరలే. కానీ ఆరేసి సెల్లులు వేస్తే నాలుగైదు గంటలకే ఖాళీ. గేమ్‌బాయ్ తయారుచేసిన యోకోయి గుంపేయ్‌ది ఒకటే సూత్రం: బాగా అలవాటై చవకైపోయిన టెక్నాలజీని తీసుకుని కొత్త పనికి వాడు. మన తీర్థాల్లో అమ్మే బ్రిక్ గేమ్ కూడా ఆ వరసలోదే అనిపిస్తుంది నాకు. అంతర్వేది తీర్థంలో కొన్న నాది మూడుసార్లు కిందపడ్డా చావలేదు.

మరి "చాలావరకు" అని ఎందుకన్నానంటే, 2010లో కాకినాడ హాస్టల్లో లెక్క తిరగబడింది. బావ, నేను ఒకే కాలేజీ. మా ఫ్లోర్‌లో పీఎస్‌పీలు ఐదున్నాయి, డీఎస్ వాడొక్కడిదే. సోనీ ఇక్కడ పీఎస్‌పీని దర్జాగా షాపుల్లో అమ్మింది, డిస్కులు విజయవాడ వెళ్తే దొరికేవి. డీఎస్ చిప్పులకి మావయ్య సెలవు కోసం ఎదురుచూడాలి. రాత్రి పదకొండింటికి ఐదుగురం వైర్‌లెస్‌లో కలిసి ఆడుతుంటే బావ పక్కన కూర్చుని చూసేవాడు. సెమిస్టర్ అవ్వకముందే డీఎస్ తీసుకెళ్లి తాతయ్యకే ఇచ్చేశాడు.

2011లో మళ్లీ అదే పోటీ, నింటెండోది 3డీఎస్, సోనీది వీటా. 3డీఎస్ మొదట తడబడింది, అమెరికాలో 250 డాలర్లకి పెట్టినదాన్ని అయిదు నెలల్లోనే 170కి దించారు, నిలబడింది. వీటాకి అందమైన ఓఎల్‌ఈడీ తెర, కానీ దానికి సోనీ సొంత మెమరీ కార్డే వేయాలి, ఆ కార్డు ధర వింటే గుండె ఆగుతుంది. నేను కొన్నది వీటాయే. బుద్ధి రాలేదు.

ఇక మీ సంగతి. స్విచ్ బలహీనమైనదే, అయినా 2017 నుంచి 15 కోట్లు దాటి అమ్ముడైంది. ఓఎల్‌ఈడీ మోడల్ బ్యాటరీకి కంపెనీ చెప్పేది నాలుగున్నర నుంచి తొమ్మిది గంటలు. మొదటి రకం డెక్‌కి రెండు నుంచి ఎనిమిది, పెద్ద గేమ్ పెడితే ఆ రెండే నమ్ముకోండి. అంటే తుని రాకముందే చార్జర్ వెతుక్కుంటారు. బరువు కూడా 640 గ్రాముల పైమాటే, పై బెర్తులో వెల్లకిలా పడుకుని ఆడితే మొహమ్మీద పడుతుంది. కానీ మీకు పీసీలో స్టీమ్ (పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం) గేములు ఇప్పటికే ఉంటే డెక్ మీద అవే ఆడుకోవచ్చు, మళ్లీ కొననక్కర్లేదు. స్టీమ్‌లో సేల్ పెడితే సగానికి సగం తగ్గుతాయి కూడా. నింటెండో సొంత గేములు ఏళ్లు గడిచినా ధర దిగవు. ఈ లెక్క చాలామంది వేసుకోరు. ఇక్కడ ఏది కొన్నా దాదాపు ఇంపోర్టెడ్ సరుకే, వారంటీ అమ్మినవాడి మాట మీదే, కాబట్టి బిల్లు తీసుకోండి.

మీతో కూర్చుని ఆడే ఫ్రెండ్స్ దగ్గర ఏముందో మీరు రాయలేదు. అది చెప్పండి, ఒక్క మాటలో తేల్చేస్తాను. దుబాయ్ నుంచి ఎవరిచేతైనా తెప్పించుకుంటుంటే మాత్రం చార్జర్‌కి మళ్లీ అవే మూడు చదరపు కాళ్లొస్తాయి. కన్వర్టర్లు రెండు కొనండి.